హోండా గోల్డ్ వింగ్

హోండా గోల్డ్ వింగ్ జపాను దేశానికి చెందిన హోండా మోటార్ కంపెనీ తయారుచేస్తున్న పెద్ద మోటారు సైకిలు. ఇది 1974 అక్టోబరులో అప్పటి పశ్చిమ జర్మనీలోని కొలోన్ నగరంలో జరిగిన ప్రదర్శనలో తొలిసారి కనిపించి, 1975 నుండి అమ్మకానికి వచ్చినది. వెనుక మరొకరిని కూర్చోబెట్టుకొని, సామాను వెంట తీసుకొని, వందల కిలోమీటర్లు అలసట లేకుండా ప్రయాణించడానికి ఉద్దేశించిన "టూరింగ్" తరగతి వాహనాలలో దీనికి ప్రముఖ స్థానమున్నది. నాలుగు సిలిండర్ల 999 సీసీ ఇంజనుతో మొదలైన ఈ బండి ఇప్పుడు ఆరు సిలిండర్ల 1,833 సీసీ ఇంజనుతో వస్తున్నది. హోండా మోటారు సైకిళ్ళ గుర్తు రెక్క. ఆ రెక్కకు బంగారాన్ని జోడించి ఈ పేరు పెట్టారు.

దీని పరిమాణాన్ని తెలుగు పాఠకులు సులభంగా ఊహించుకోవడానికి ఒక పోలిక: మన రోడ్లపై బరువైన బండిగా పేరున్న బుల్లెట్ 350 సుమారు 190 కిలోలుంటుంది. పెట్రోలు నింపిన గోల్డ్ వింగ్ టూర్ దాదాపు 380 కిలోలు, అంటే రెండు బుల్లెట్ల బరువు. గోల్డ్ వింగ్ గుణాలలోను, కష్టాలలోను సగానికి పైగా ఈ బరువుతోనే ముడిపడి ఉన్నవి.

పుట్టుక

1969లో వచ్చిన సీబీ750తో హోండా పెద్ద మోటారు సైకిళ్ళ విపణిలో ముందడుగు వేసినది. 1972లో కవాసాకి కంపెనీ 903 సీసీ జడ్1ను తీసుకొనిరావడంతో ఆ ఆధిక్యానికి గండి పడినది. అదే సంవత్సరం హోండా ఇంజనీరు షోయిచిరో ఇరిమాజిరి నాయకత్వంలో ఒక బృందం "ఎం1" అనే ప్రయోగాత్మక బండిని నిర్మించినది. అందులో 1,470 సీసీ ఆరు సిలిండర్ల ఇంజను ఉండేది. అయితే ఇంజను, దాని వెనుక గేర్‌బాక్సు కలిసి చాలా పొడవు కావడం వలన నడిపేవారు సరిగా కూర్చోవడానికి చోటు చాలలేదు. అందువలన ఎం1 ప్రయోగశాలకే పరిమితమైనది. దాని అనుభవంతో, తోషియో నోజుయే బాధ్యతలో, నాలుగు సిలిండర్లతో, గేర్లను క్రాంక్‌షాఫ్టు క్రిందికి జరిపి తయారుచేసిన బండి జీఎల్1000. ఆరు సిలిండర్ల ఆలోచన మాత్రం చావలేదు. పదిహేనేళ్ళ తరువాత అదే బండిలోకి తిరిగి వచ్చినది.

ఈ బండి ప్రధానంగా అమెరికా కొరకు రూపొందినది. ఆ కాలంలో జపాను తయారీదారులు 750 సీసీకి మించిన మోటారు సైకిళ్ళను స్వదేశంలో అమ్మకూడదని తమకు తామే నియమం పెట్టుకొని ఉండేవారు. 1975లో అమెరికాలో జీఎల్1000 ధర 2,895 డాలర్లు.

ఇంజను నిర్మాణం

మామూలు మోటారు సైకిలులో సిలిండరు నిలువుగా గాని, కొద్దిగా ముందుకు వాలి గాని ఉంటుంది. గోల్డ్ వింగ్‌లో సిలిండర్లు నేలకు సమాంతరంగా, సగం కుడివైపుకు, సగం ఎడమవైపుకు పరుచుకొని ఉంటాయి. కావడి మోసేవాని భుజానికి ఇరువైపులా కుండలు వ్రేలాడుతున్నట్లు ఈ అమరికను ఊహించుకోవచ్చును. ఎదురెదురు పిస్టన్లు ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి కదులుతాయి. ఒకదాని కుదుపును మరొకటి చాలా వరకు రద్దు చేస్తుంది గనుక ఇంజను నునుపుగా తిరుగుతుంది. పిడికిళ్ళు ఢీకొట్టుకొనే ముష్టియోధులను తలపిస్తుంది గనుక ఈ రకానికి బాక్సర్ ఇంజను అని పేరు.

ఈ అమరిక వలన మరొక ముఖ్యమైన ప్రయోజనమున్నది. బరువంతా క్రిందికి ఉండడంతో బండి గరిమనాభి నేలకు దగ్గరగా ఉంటుంది. హోండా ఇంజనీర్లు ఇంతటితో ఆగక పెట్రోలు ట్యాంకును కూడా సీటు క్రిందికి మార్చారు. మామూలుగా ట్యాంకు ఉండవలసిన చోట ట్యాంకు ఆకారంలో ఒక డబ్బా మాత్రమే ఉన్నది. జీఎల్1000లో ఆ డబ్బా తెరిస్తే విద్యుత్ పరికరాలు, బ్యాటరీ దిగిపోయినపుడు వాడుకొనడానికి దాచి ఉంచిన కిక్ రాడ్డు కనిపిస్తాయి. గోల్డ్ వింగ్‌ను మొదటిసారి నడిపినవారు, కదలిన కొద్ది గజాలకే దాని బరువు తెలియకుండా పోతుందని చెప్పడానికి కారణం ఇదే.

క్రాంక్‌షాఫ్టు బండి పొడవునా ఉన్నందున, యాక్సిలరేటరు త్రిప్పినపుడల్లా బండి ఒక ప్రక్కకు ఒరిగే ప్రమాదమున్నది. దీనిని నివారించడానికి విద్యుత్తును పుట్టించే ఆల్టర్నేటరును క్రాంక్‌షాఫ్టుకు వ్యతిరేక దిశలో తిరిగేలా అమర్చారు. ఒరగడం ఒకదానికొకటి చెల్లిపోతుంది. భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు న్యూటను మూడవ సూత్రానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకడం కష్టం.

నాలుగు స్ట్రోకుల ఇంజనును నీటితో చల్లబరచడం జపాను మోటారు సైకిళ్ళలో దీనితోనే మొదలైనది. వెనుక చక్రానికి శక్తిని చైనుకు బదులు షాఫ్టు చేరవేస్తుంది. చైనుకు నూనె పెట్టడం, బిగించడం, అరిగినపుడు మార్చడం అనే పనులు లేకపోవడం దూర ప్రయాణీకులకు పెద్ద ఊరట.

యజమానులు మలచిన బండి

హోండా జీఎల్1000ను వేగంగా పరుగెత్తే పెద్ద బండిగా ఊహించినది. అది అమ్మినపుడు గాలిని ఆపే అద్దం గాని, సామాను పెట్టెలు గాని లేవు. కొందరు విమర్శకులకు ఇది మరీ బరువైన, మరీ చిక్కైన యంత్రంగా తోచినది. కొన్నవారు మాత్రం దానిలో వేరొకటి చూశారు. అమెరికాలోని రాష్ట్రాంతర రహదారులపై రోజంతా ఒకే వేగంతో పోవడానికి ఇంతకంటె నిబ్బరమైన బండి లేదని గ్రహించి, దానికి ముందు గాలి మరుగులు, ప్రక్కల పెట్టెలు, మెత్తటి సీట్లు, రేడియోలు స్వయంగా బిగించుకొనసాగారు. క్రెయిగ్ వెటర్ అనే రూపకర్త తయారుచేసిన "విండ్‌జామర్" గాలి మరుగు వీటిలో ప్రసిద్ధమైనది. గోల్డ్ వింగ్‌కు అమర్చే సామగ్రిని తయారుచేయడమే ఒక పరిశ్రమగా ఎదిగినది.

ఈ సంగతిని హోండా గమనించడానికి అయిదేళ్ళు పట్టినది. 1980లో వచ్చిన 1,085 సీసీ జీఎల్1100లో "ఇంటర్‌స్టేట్" అనే రకానికి గాలి మరుగు, రెండు ప్రక్క పెట్టెలు, వెనుక పెద్ద పెట్టె కంపెనీయే అమర్చి ఇచ్చినది. యజమానులు చేతితో చేసుకొన్న బండిని కంపెనీ అనుకరించినదని చెప్పడం అతిశయోక్తి కాదు. 1982లో మరిన్ని సౌకర్యాలతో "ఆస్పెన్‌కేడ్" రకం వచ్చినది.

1980 మే నెలలో తయారీ కూడా అమెరికాకు, ఒహాయో రాష్ట్రంలోని మేరీస్‌విల్‌కు తరలినది. 1985లో అదే రాష్ట్రంలోని ఆనా వద్ద ఇంజన్ల తయారీ మొదలైనది. ఆ కర్మాగారం తొలిగా తయారుచేసినవి గోల్డ్ వింగ్ ఇంజన్లే. ఇట్లా జపాను కంపెనీ బండి అమెరికా కార్మికుల చేతిలో తయారై, అక్కడి నుండి ఇతర దేశాలకు ఎగుమతి కాసాగినది. మేరీస్‌విల్‌లోని మోటారు సైకిళ్ళ కర్మాగారం 2009లో మూతబడిన తరువాత తయారీ జపానులోని కుమమోతోకు చేరి, 2011 నుండి అక్కడ జరుగుతున్నది.

తరువాతి రూపాలు

1984లో 1,182 సీసీ జీఎల్1200 వచ్చినది. దీనిలో వాల్వుల సందును హైడ్రాలిక్ పద్ధతిలో బండియే సరిచేసుకొంటుంది. అసలైన మలుపు 1988 నమూనాగా వచ్చిన జీఎల్1500. ఎం1 నాటి ఆరు సిలిండర్ల కల ఇందులో 1,520 సీసీ ఇంజనుగా నెరవేరినది. బండి మరింత బరువెక్కడంతో కాళ్ళతో వెనుకకు నెట్టడం చాలామందికి అసాధ్యమైనది. అందుకని స్టార్టరు మోటారును వెనుక చక్రానికి కలిపి, నెమ్మదిగా వెనుకకు నడిపే ఏర్పాటు చేశారు. మోటారు సైకిలుకు రివర్స్ గేరా అని నవ్వినవారు లేకపోలేదు. ఎత్తు నుండి పల్లానికి ముందు చక్రం దించి నిలిపిన బండిని ఒక్కసారి వెనుకకు లాగి చూసినవారు మళ్ళీ నవ్వరు.

2001 నమూనాగా వచ్చిన జీఎల్1800కు 1,832 సీసీ ఇంజను, అల్యూమినియం చట్రం, ఇంధన ఇంజెక్షను ఉన్నవి. 2005 సెప్టెంబరులో హోండా మోటారు సైకిలుకు ఎయిర్‌బ్యాగును ప్రకటించి, 2006 నమూనాలో ప్రవేశపెట్టినది. విక్రయానికి వచ్చిన మోటారు సైకిళ్ళలో ప్రపంచంలో ఇదే మొదటిది. ముందు ఫోర్కుపై ఉన్న సెన్సార్లు ఎదురు తాకిడిని గుర్తించగానే సంచి నడిపేవారి ముందు ఉబ్బుకొని, వారు ముందుకు ఎగిరిపడే వేగాన్ని తగ్గిస్తుంది. భద్రత విషయంలో ఈ బండి చరిత్రలో మచ్చ లేదనలేము. ముందు, వెనుక బ్రేకులను కలిపే ఏర్పాటులో ఒక భాగం వలన వెనుక బ్రేకు పట్టివేసి వేడెక్కి మంటలు పుట్టే ప్రమాదమున్నదని తేలడంతో 2001 నుండి 2010 వరకు, 2012 నమూనాల బండ్లను హోండా వెనుకకు పిలిపించి సరిచేయవలసివచ్చినది. పాత గోల్డ్ వింగ్ కొనేవారు ఆ మరమ్మతు జరిగినదో లేదో తప్పక విచారించాలి.

2018లో బండి పూర్తిగా మారినది. ముందు చక్రానికి మామూలు ఫోర్కు తీసివేసి, కార్లలో ఉండే డబుల్ విష్‌బోన్ పద్ధతి సస్పెన్షను అమర్చారు. గతుకుల కుదుపు చేతుల వరకు రాకపోవడం దీని ఫలితం. చక్రం వెనుకకు జరగకుండా నిలువుగా కదులుతుంది గనుక ఇంజనును ముందుకు జరపడానికి కూడా చోటు దొరికినది. బరువు సుమారు 40 కిలోలు తగ్గినది. కావలసినవారికి, క్లచ్ పట్టనవసరం లేని ఏడు గేర్ల డీసీటీ పద్ధతి లభిస్తుంది. ఈ రకంలో బండి తనంతట తానే మనిషి నడక కంటె నెమ్మదిగా ముందుకు, వెనుకకు కదలగలదు.

ఈ సన్నబడడం అందరికీ నచ్చలేదు. పెట్టెలలో మునుపు 150 లీటర్ల దాకా ఉన్న చోటు 110 లీటర్లకు తగ్గినది. భార్యాభర్తలిద్దరి సామాను పట్టడం లేదన్న అసంతృప్తి బలంగా వినిపించినది. 2021లో వెనుక పెట్టెను 50 లీటర్ల నుండి 61 లీటర్లకు పెంచారు. వెనుక కూర్చొనేవారి వీపు ఆనించుకొనే భాగాన్ని కూడా మరింత వాలుగా మార్చారు. 1980లో వలెనే ఈసారి కూడా చివరి మాట యజమానులదే అయినది.

నేటి ఇంజను టార్క్ నిమిషానికి 4,500 భ్రమణాల వద్ద 170 న్యూటను మీటర్లు. మన ఊళ్ళలో తిరిగే 100 సీసీ బండి టార్క్‌కు ఇది ఇరవై రెట్లకు పైన. ట్యాంకులో 21 లీటర్ల పెట్రోలు పడుతుంది. లీటరుకు సుమారు 18 కిలోమీటర్ల చొప్పున ఒకసారి నింపితే 350 కిలోమీటర్లు నిశ్చింతగా పోవచ్చును.

యాజమాన్యం

గోల్డ్ వింగ్‌ను వేగంగా నడపడం కష్టం కాదు. ఆపడం, నిలపడం, త్రిప్పడం కష్టం. బండి పడిపోయే సంఘటనలు రహదారిపై కంటె పెట్రోలు బంకులలోను, ఇంటి ముంగిట, వాహనాలు నిలిపే చోట్లలోను ఎక్కువ. నెమ్మదిగా మలుపు తిరుగుతూ హ్యాండిలు పూర్తిగా త్రిప్పి ముందు బ్రేకు పట్టడం, ఇసుక లేదా కంకర మీద కాలు ఆనించడం ఇందుకు సాధారణ కారణాలు. సీటు ఎత్తు 745 మిల్లీమీటర్లే గనుక మధ్యస్థమైన ఎత్తు ఉన్నవారికి కూడా పాదాలు నేలకు ఆనుతాయి. అయితే బండి ఒక హద్దు దాటి ఒరిగిన తరువాత ఎంతటి బలశాలి అయినా ఆపలేడు. ఆపబోయి నడుము, మోకాలు దెబ్బ తీసుకొనడం కంటె వదిలివేయడమే మంచిదని అనుభవజ్ఞులు చెబుతారు. ఇంజనుకు, పెట్టెలకు రక్షణగా ఉండే కమ్మీల వలన బండి పూర్తిగా నేలకు పడుకోదు. ఒక కోణంలో ఆగుతుంది.

పడిన బండిని లేపడానికి ఒక పద్ధతి ఉన్నది. మొదట ఇంజను ఆపాలి. బండి కుడివైపుకు పడి ఉంటే సైడ్ స్టాండును ముందే దించి ఉంచాలి. తరువాత బండికి వీపు పెట్టి, సీటు అంచుకు పిరుదులు ఆనించి, ఒక చేత్తో హ్యాండిలు చివరను, మరొక చేత్తో వెనుక పట్టుకొమ్మను పట్టుకొని, నడుము వంచకుండా కాళ్ళ బలంతో చిన్న అడుగులు వేస్తూ వెనుకకు నెట్టాలి. బస్తా ఎత్తే హమాలీ కూడా నడుముతో కాక తొడల బలంతోనే లేస్తాడు. ఈ పద్ధతిలో సన్నని మనుషులు సైతం బండిని నిలబెట్టగలరు.

నిర్వహణ విషయానికి వస్తే ఇంజను దీర్ఘాయుష్షుకు పేరు పొందినది. అర్జెంటీనాకు చెందిన ఎమిలియో స్కాటో 1980 నాటి జీఎల్1100పై 1985 నుండి 1995 వరకు ప్రపంచమంతా తిరిగి సుమారు 7,35,000 కిలోమీటర్లు ప్రయాణించి గిన్నిస్ పుస్తకంలో చోటు సంపాదించాడు. ఆయన ఆ బండికి "నల్ల రాకుమారి" అని పేరు పెట్టుకొన్నాడు.

అంతమాత్రాన లోపాలు లేవని కాదు. జీఎల్1500 వరకు కామ్‌షాఫ్టులను రబ్బరు బెల్టులు త్రిప్పేవి. బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను ఢీకొని వంచివేస్తాయి గనుక, పాత బండి కొన్న వెంటనే బెల్టులు మార్చడం ఉత్తమం. జీఎల్1800 నుండి వీటి స్థానంలో చైన్లు వచ్చినవి. నాలుగు సిలిండర్ల రకాలలో, ముఖ్యంగా జీఎల్1200లో, విద్యుత్తు పుట్టించే స్టేటరు కాలిపోవడం తరచుగా వినిపించే ఫిర్యాదు. అది ఇంజను వెనుక భాగంలో ఉన్నందున దానిని మార్చాలంటే ఇంజనును చట్రం నుండి దించవలసిందే. ఈ శ్రమ పడలేక కొందరు కారు ఆల్టర్నేటరును బయట బిగించి నెట్టుకొస్తారు. మొదటి తరం జీఎల్1800లో గాలి ఫిల్టరు మార్చడానికి పైనున్న ప్లాస్టిక్ తొడుగులన్నీ విప్పాలి. పది నిమిషాల పనికి ఒక పూట పడుతుంది.

టైర్ల ఖర్చు మరొకటి. బరువు వలన వెనుక టైరు త్వరగా మధ్యలో చదునుగా అరిగిపోతుంది. అమెరికాలో కొందరు యజమానులు వెనుక చక్రానికి కారు టైరు వేసుకొంటారు. అది ఎక్కువ కాలం మన్నుతుందని వారి వాదన. మోటారు సైకిలు మలుపులో వాలుతుంది గనుక గుండ్రని అంచు గల టైరు కావాలని, చదునైన కారు టైరు అందుకు తగదని తయారీదారులు అంటారు. ఈ వివాదం దశాబ్దాలుగా తెగలేదు. ఈ విషయంలో తయారీదారుల మాటే వినదగినది.

సంఘాలు, వయసు

1977లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో గోల్డ్ వింగ్ రోడ్ రైడర్స్ అసోసియేషన్ ఏర్పడినది. స్నేహం, భద్రత, విజ్ఞానం దీని నినాదంలోని మాటలు. ఇతర మోటారు సైకిలు సంఘాలకు భిన్నంగా ఇందులో భార్యాభర్తలు కలిసి సభ్యులుగా ఉండడం సాధారణం. నడిపేవారికే గాక వెనుక కూర్చొనేవారికి సైతం శిక్షణ తరగతులు నడిపేవారు. వెనుక కూర్చొన్న మనిషి మలుపులో ఎటు వాలాలో, ఎప్పుడు కదలకుండా ఉండాలో తెలియకపోతే ఇంత బరువైన బండికి ముప్పు. ఏటా "వింగ్ డింగ్" పేరుతో పెద్ద సమావేశం జరిగేది.

సభ్యులు బండితోపాటే వృద్ధులైనారు. మోకాళ్ళు, తుంటి ఎముకల బలం తగ్గిన తరువాత 380 కిలోల బండిని ఎర్ర దీపం దగ్గర నిలబెట్టి ఉంచడం భయం కలిగిస్తుంది. కొందరు వెనుక రెండు చక్రాలు బిగించి గోల్డ్ వింగ్‌ను మూడు చక్రాల బండిగా మార్పించుకొంటారు. ఈ మార్పిడి సామగ్రిని అమ్మే సంస్థలు అమెరికాలో అనేకం ఉన్నవి. ఇందులో లాభనష్టాలు రెండూ కలవు. ఆగినపుడు పడిపోయే భయం పోతుంది. మలుపులో వాలే గుణం కూడా పోతుంది. వాలని బండిని హ్యాండిలు బలంతో త్రిప్పడం క్రొత్తగా నేర్చుకోవలసిన విద్య. మరికొందరు చిన్న బండికి మారుతారు, లేదా మానివేస్తారు. యువతరం చాలినంతగా చేరకపోవడంతో సభ్యత్వం క్షీణించి, 2022 జులై 31న ఆ సంఘం మూతబడినది. దాని స్థానిక శాఖలలో కొన్ని వేరు పేర్లతో కలుసుకొంటూనే ఉన్నవి.

భారతదేశంలో

గోల్డ్ వింగ్ భారతదేశంలో తయారు కాదు. జపాను నుండి పూర్తిగా నిర్మించిన బండిగా దిగుమతి అవుతుంది. 2018లో విడుదలైనపుడు ఢిల్లీ షోరూములో ధర 26.85 లక్షల రూపాయలు. 2025లో, గోల్డ్ వింగ్ యాభయ్యవ వార్షికోత్సవ సందర్భంగా వచ్చిన రకం ధర 39.90 లక్షలు. దీనిలో పన్నుల వాటా తక్కువేమీ కాదు. 1,600 సీసీకి మించిన మోటారు సైకిళ్ళపై దిగుమతి సుంకాన్ని 2025 ఫిబ్రవరి బడ్జెట్టులో 50 శాతం నుండి 30 శాతానికి తగ్గించారు. అయితే అదే ఏడాది సెప్టెంబరు 22 నుండి 350 సీసీకి మించిన మోటారు సైకిళ్ళపై జీఎస్టీ 40 శాతమైనది. ఒక చేతితో ఇచ్చినది మరొక చేతితో తీసుకొన్నట్లయినది.

జపానులో 400 సీసీకి మించిన మోటారు సైకిలు నడపడానికి ప్రత్యేక లైసెన్సు పొందాలి. మన దేశంలో గేర్లున్న ద్విచక్ర వాహనాలన్నిటికీ ఒకటే లైసెన్సు. 100 సీసీ బండిపై పరీక్ష ఇచ్చినవారు మరునాడే గోల్డ్ వింగ్ నడపడానికి చట్టరీత్యా అర్హులు. ఈ వెసులుబాటు ఎంతవరకు క్షేమమో ఆలోచించదగినది.

రోడ్ల విషయంలో, బండి అడుగు భాగం నేలకు 130 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. నాలుగు వరుసల జాతీయ రహదారులపై దీనికి ఇబ్బంది లేదు. రహదారి దిగి ఊరిలోకి మళ్ళగానే, ఎవరి ఇంటి ముందు వారు పోసుకొన్న స్పీడు బ్రేకర్ల వద్ద బండి అడుగు తగులుతుంది. వాటిని ఏటవాలుగా, బాగా నెమ్మదిగా దాటించాలి. సరిగ్గా ఆ నెమ్మదిలోనే 380 కిలోల బరువు చేతికి తెలుస్తుంది.